అరవై ఏడో పుస్తకం

నేను ఒక ఫారాన్ని. పెద్ద కాగితం మీద ఇటు ఎనిమిది పేజీలు, అటు ఎనిమిది పేజీలు అచ్చువేసి మడిస్తే పదహారు పేజీల కట్ట వస్తుంది. అచ్చాఫీసులో దాన్నే ఫారం అంటారు. అలాంటి ఫారాలు కొన్ని వరసగా పేర్చి కుడితే పుస్తకం. నేను పూర్తి పుస్తకాన్ని కాను, కుట్టు తెగిన ముక్కని మాత్రమే. అయినా నన్ను దేవుడి మాట అని కళ్ళకద్దుకున్నవాళ్ళున్నారు. మంచి కథే గాని అంతకు మించి ఏమీ లేదన్నవాళ్ళున్నారు. మన ఇంట్లో ఉండకూడదన్నవాళ్ళూ ఉన్నారు. పదహారు పేజీలకు ఇంత రభస అవసరమా అని నాకే అనిపిస్తుంది.

కథోలిక మిషను వాళ్ళ అచ్చాఫీసులో పుట్టాను. ఒక ముసలి ఫాదరుగారు ఎన్నో ఏళ్ళు కూర్చుని నన్ను తెలుగులోకి తెచ్చారు. నన్ను కూర్చిన కంపోజిటరు సీసపు అక్షరాలు ఏరుతూనే పక్కవాడితో కొత్త సినిమా కబుర్లు చెప్పేవాడు. ముందుమాటలో 'దైవప్రేరితము' అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిదిసార్లూ తప్పు లేకుండా కూర్చాడు గాని, దాని గురించి క్షణం కూడా బెంగపెట్టుకోలేదు. నేను చూసిన మనుషుల్లో నా విషయంలో అంత నిశ్చింతగా ఉన్నవాడు అతనొక్కడే.

నా లోపల ఒక పాత యూదుడి కథ ఉంది. పరాయి రాజు ఊళ్ళో చెరలో బతుకుతున్న మనిషి. పండగ పూట అన్నం ముందు కూర్చుంటాడు. తనవాడొకడు వీధిలో శవమై పడి ఉన్నాడని కబురు వస్తుంది. ముద్ద ముట్టకుండా లేచి వెళ్ళి, ఆ శవాన్ని మోసుకొచ్చి, పొద్దు గూకాక గొయ్యి తవ్వి పాతిపెడతాడు. ఇరుగుపొరుగు నవ్వుతారు. ఇంతకు ముందు ఇదే పని చేసినందుకు ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది, వీడికింకా బుద్ధి రాలేదంటారు. తర్వాత ఆయన కళ్ళు పోతాయి. అక్కడితో నా పదహారు పేజీలు సగం కథలోనే ఆగిపోతాయి. మిగతాది నా జంట ఫారంలో ఉండేది.

ఈ కథ బైబిలులో ఉందా లేదా అన్నదే తగువు. యూదుల పెద్దలు తమ పట్టీలో నన్ను చేర్చలేదు. గ్రీకు భాషలో చదువుకున్న తొలినాటి క్రైస్తవులు చేర్చుకున్నారు. తర్వాత ఎప్పుడో ఐరోపాలో సంఘం రెండుగా చీలినప్పుడు, ఒక పక్షం నన్ను ఉంచింది, ఇంకో పక్షం తీసేసింది. అందుకే మన ఊళ్ళల్లో ఆర్.సీ.ఎం. అని పిలిచే కథోలికుల లెక్క డెబ్బై మూడు పుస్తకాలు, లూథరన్ వాళ్ళ లెక్క అరవై ఆరు. ఆ తేడా వచ్చిన ఏడింటిలో ఒకదానికి నేను సగభాగం. నన్ను ఉంచాలో తీయాలో తేల్చడానికి అంతమంది పండితులు కూర్చున్నారు గాని, నన్నెవరూ ఏమీ అడగలేదు.

నా మొదటి సొంతదారు లూర్దమ్మ. ఆర్.సీ.ఎం. పిల్ల. మదర్లని పిలిచే కన్యాస్త్రీల బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఆమెను దివిసీమలో రేవుగూడెం అనే ఊరికి, ఏసుపాదం అనే లూథరన్ వాడికి ఇచ్చారు. పెళ్ళినాడు ఒక మదరుగారు నన్ను, నా జంట ఫారాన్ని, మా పసుపుపచ్చ అట్టతో సహా ఆమె చేతిలో పెట్టింది. కాపురానికి వచ్చిన రెండో వారమే ఆ ఊరి ఉపదేశి పరంజ్యోతిగారి కంట పడ్డాం. ఉపదేశి అంటే పాస్టరుగారు లేని ఆదివారాల్లో గుడి నడిపే మనిషి. పల్లెల్లో పాస్టరుగారు నెలకొక్కసారే వస్తారు కాబట్టి, ఊరికి దేవుడి మాట ఉపదేశి నోటనే వినబడుతుంది.

"అమ్మాయ్, అదేం పుస్తకం?" అన్నాడు పరంజ్యోతి.

"మా మదరుగారిచ్చారండి."

"మీ వాళ్ళదా. మన లెక్కలోది కాదమ్మా అది. మన బైబులు పక్కన పెట్టమాకు. పెట్టెలో దాచుకో."

తెరిచి చూడలేదు. పేరు కూడా చదవలేదు. మంచి మనిషే, కోపం కూడా లేదు ఆ గొంతులో. అట్టను చూసి తేల్చేశాడంతే.

అలా నేను రేకుపెట్టెలో చీరల అడుగుకు చేరాను. అయితే ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక లూర్దమ్మ నన్ను బయటికి తీసేది. తలుపుకు చేరబడి, వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదువుకునేది. పక్కనే ఏసుపాదం చేపల బుట్ట అల్లుకుంటూ ఉండేవాడు. అతనికి చదువు రాదు. ఏం చదువుతున్నావని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం అన్నట్టే ఉండేవాళ్ళు, అయినా మధ్యలో ఉన్న ఆ పదహారు పేజీల దూరం ఎవరూ దాటలేదు. మనుషుల్లో నాకు అంతుబట్టని సంగతుల్లో ఇదొకటి.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాని సంగతి దివిసీమలో ఎవరిని అడిగినా చెబుతారు, నేను విడిగా చెప్పక్కర్లేదు. నీళ్ళు గోడలా లేచి వచ్చాయి. ఏసుపాదం ఒక చేత్తో తాటిమొద్దును, ఇంకో చేత్తో లూర్దమ్మను పట్టుకున్నాడు. తాటిమొద్దును పట్టుకున్న చెయ్యి నిలిచింది. రెండోది నిలవలేదు. నేను పెట్టెలో ఉప్పునీళ్ళలో నానుతూ ఉండిపోయాను. అట్ట ఊడిపోయింది. నా జంట ఫారం విడిపోయి ఎటో కొట్టుకుపోయింది.

నీళ్ళు తీశాక రేవుగూడెంలో అరవై ఇళ్ళకు పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు మిగిలారు. పొలాల నిండా, కంచెల నిండా శవాలు. లారీలు ఇంకా రాలేదు. ఏసుపాదం పార తీసుకుని పాతిపెట్టడం మొదలుపెట్టాడు. మొదట ఇద్దరు సాయం వచ్చారు, మూడోనాటికి వాళ్ళూ తట్టుకోలేక శిబిరానికి వెళ్ళిపోయారు. అతనొక్కడే పదకొండు రోజులు చేశాడు. ఆడమనిషి కనిపిస్తే ముందు మొహం తిప్పి చూసేవాడు. లూర్దమ్మ దొరకలేదు. ఒంటిమనిషి ఎత్తలేడు గనక శవాలను కాళ్ళకు తాడు కట్టి ఈడ్చాడు. వాళ్ళలో హిందువులెవరో, సాయిబులెవరో, మనవాళ్ళెవరో తెలియదు. స్నానం లేదు, గుడ్డ లేదు, పాట లేదు, ప్రార్థన లేదు.

ఆ తర్వాత అతను గుడిలోకి రావడం మానేశాడు. పైకప్పు లేచిపోయిన ఆ గుడికి నాలుగు గోడలు, ఒక మెట్టు మిగిలాయి. ఆ మెట్టు మీద బయటే కూర్చునేవాడు. పులుసు పోసే శిబిరంలో జనం కూడా అతనికి కాస్త ఎడంగా జరిగేవాళ్ళు. వాసనో, భయమో. "ఈ చేతుల్తో రొట్టె తీసుకోను," అని పరంజ్యోతితో చెప్పాడు. రొట్టె అంటే ప్రభురాత్రి భోజనంలో పాస్టరుగారు చేతిలో పెట్టే రొట్టె. క్రైస్తవుడికి దానికంటే పెద్ద ఆహ్వానం లేదు. "కాళ్ళు పట్టి గొడ్డుని లాగినట్టు లాగానండి మనుషుల్ని. ఆ దేవుడు చూశాడు," అన్నాడు. పరంజ్యోతి ఎన్ని చెప్పినా ఎక్కలేదు.

గుడి బైబిలు కూడా శిథిలాల కింద దొరికింది. నాని, ఉబ్బి, అట్టలు ఊడి ఉంది. బందరులో బైండింగు చేయించుకు రమ్మని పరంజ్యోతి ఏసుపాదాన్నే పంపాడు, అతనికి ఏదో ఒక పని ఉంటే మంచిదని. బయలుదేరేముందు ఏసుపాదం తన ఇల్లున్న చోటుకు వెళ్ళి మట్టిలో కూరుకున్న పెట్టె తెరిచాడు. చీరలు కుళ్ళిపోయాయి. అడుగున నేను. చాలాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత గుడి బైబిలు ఉన్న గోతాంలోనే వేశాడు. లూర్దమ్మ చదివేది కాబట్టి దేవుడి మాటే అయ్యుంటుంది, దేవుడి మాటంతా ఒకటేగా అని అతని లెక్క. పండితులు పదిహేను వందల ఏళ్ళుగా తేల్చలేనిది అతను గోతాం మూతి కట్టేంతలో తేల్చేశాడు.

బైండరు దస్తగిరి దూదేకుల సాయిబు. బందరు బజారులో చిన్న కొట్టు. గోతాం విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇది పుస్తకమా, నానబెట్టిన పశువుల దాణానా?"

"దేవుడి మాట బాబూ. ముక్క కూడా పారెయ్యమాకు. ఇవన్నీ కుట్టు."

"పారేస్తానా? దేవుడి పేరున్న కాగితం మా ఇంట్లోనూ కాలికింద పడనియ్యం. నువ్వు నిశ్చింతగా పో."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఒక్కో ఫారాన్నీ ఎండబెట్టి, ఇస్త్రీపెట్టె తగిలీ తగలనట్టు రుద్ది, అంకెల ప్రకారం వరస పెట్టాడు. చివరికి నేను మిగిలాను. నా అంకెలు ఎక్కడా కలవలేదు. పాత నిబంధన చివర మలాకీకీ, కొత్త నిబంధన మొదట మత్తయికీ మధ్య, పెళ్ళిళ్ళూ చావులూ రాసుకునే ఖాళీ కాగితాలు చిరిగిపోయి అక్కడ సందు ఉంది. నన్ను అందులో పెట్టి కుట్టేశాడు. తర్వాత అంచులు సమానంగా రావాలని కత్తిపీటతో తలవైపు కోశాడు. నా ప్రతి పేజీ నెత్తినా అచ్చయి ఉన్న నా పేరు ఆ కోతలో పోయింది. పేరు పోయాక, నల్లట్టల మధ్య, బైబిలు పేజీలలో పేజీలుగా, నేను మొదటిసారి కులం మార్చుకున్నవాడిలా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

కొత్త సంవత్సరం ఆ ఏడు ఆదివారమే వచ్చింది. మన గుళ్ళలో ఆ రోజు ప్రతి ఇంటికీ ఏడాది వాగ్దానంగా ఒక వాక్యం ఇస్తారు. చిన్న అట్టముక్కల మీద అచ్చువేసిన వాక్యాలు పళ్ళెంలో పోసి, ఇంటికొకటి తీసుకోమంటారు. ఆ ముక్కలన్నీ ఉప్పెనలో పోయాయి. అందుకని పరంజ్యోతి ఒక ఉపాయం చేశాడు. ఇంటి పేరు పిలిచి, కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ చోట చదివి ఇస్తానన్నాడు. ఉదయం ఎండలో, పైన టార్పాలిను కింద, పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఎవరికి ఏ మాట వస్తుందోనని అందరికీ ఆత్రంగా ఉంది. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు గదా, ఒక మాటైనా తమదని చెప్పుకోవడానికి కావాలి.

"ఏసుపాదం ఇల్లు!" అని పిలిచాడు పరంజ్యోతి.

మెట్టు మీంచి జవాబు వచ్చింది. "ఇంకేం ఇల్లండి, నేనొక్కణ్ణేగా. వదిలెయ్యండి."

"ఒక్కడున్నా ఇల్లే."

కొత్తగా కుట్టిన చోట బిగువు తక్కువ. బైబిలు నా దగ్గరే విచ్చుకుంది. పరంజ్యోతి కళ్ళు తెరిచి, అలవాటు ప్రకారం రాగం తీస్తూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పండగ భోజనం. వీధిలో శవం. ముట్టని ముద్ద. నాలుగు వరసలయ్యేసరికి అతని రాగం తగ్గింది. ముప్ఫై ఏళ్ళుగా బైబిలు చదువుతున్న మనిషి, తను ఎన్నడూ చదవనిది చదువుతున్నానని తెలుసుకున్నాడు. ఆపుదామనుకున్నాడు కూడా. తల ఎత్తి చూస్తే జనమంతా తలలు ఎత్తి ఉన్నారు. ఒక్క పిల్లాడూ ఏడవడం లేదు. ఆపలేకపోయాడు. పొద్దు గూకాక గొయ్యి తవ్విన సంగతి, ఇరుగుపొరుగు నవ్విన సంగతి దాకా చదివాడు.

గుమ్మంలో ఏసుపాదం నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు.

"ఉపదేశిగారూ, ఆయన అన్నం ముందు నుంచి లేచెళ్ళాడాండి?"

"లేచెళ్ళాడు."

"నవ్వారా చుట్టుపక్కలోళ్ళు?"

"నవ్వారయ్యా."

"అది దేవుడి పుస్తకంలో రాసుందాండి?"

పరంజ్యోతి చేతిలోని నల్లట్టల వంక చూశాడు. "ఇందులోనే ఉంది," అన్నాడు. అది అబద్ధం కాదు. ఏసుపాదం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. దీవెనమ్మ అనే ముసలావిడ జరిగి తన చాప కొస ఇచ్చింది. అతను కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. నాకు కళ్ళు లేవు గాని, ఉంటే ఆ రోజు తడిసేవి.

ఆ మధ్యాహ్నమే పరంజ్యోతి నన్ను ముందుకీ వెనక్కీ తిప్పి, వేళ్ళ మీద పుస్తకాలు లెక్కపెట్టాడు. మూడుసార్లు లెక్కపెట్టినా ఒకటి ఎక్కువ వచ్చింది. ఏమిటో అర్థమైంది. ఎవరితోనూ అనలేదు. ప్రతి ఆదివారం ఏసుపాదం లోపలికి వచ్చి కూర్చోవడం చూస్తూ, ఇవాళ చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకుంటూ రెండున్నర నెలలు గడిపాడు.

పాస్టరు జయశీలం అయ్యగారు సహాయం పనుల్లో తలమునకలై, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి గాని రాలేకపోయారు. ఆ ఏడు ఊరేగింపుకు మట్టలు కూడా సరిగా దొరకలేదు, తాటిచెట్లన్నీ మోడులే. ఉప్పెన తర్వాత మొదటి రొట్టె ఆ రోజే. ఏసుపాదం తెల్లపంచె కట్టుకుని, తీసుకుంటానని ముందే చెప్పి వచ్చాడు. చేతులు ఇసుకతో రుద్దుకున్నాడు కాబోలు, ఎర్రగా ఉన్నాయి. ఆరాధన మొదలవకముందు పరంజ్యోతి అయ్యగారి దగ్గరకు వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఒక తప్పు జరిగింది. మన బైబుల్లో అరవై ఆరు లేవండి. అరవై ఏడున్నాయి."

అయ్యగారు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగారు. నన్ను తెరిచి, నిలబడే రెండు పేజీలు చదివారు. "ఇదెక్కడిది?" అన్నారు.

చాపల మీదివాళ్ళంతా అప్పటికే చెవులు రిక్కించారు. ఏసుపాదం లేచి నిలబడ్డాడు. "గోతాంలో నేనే ఏశానండి. లూర్దమ్మది." పరంజ్యోతి తల దించుకున్నాడు. పెట్టెలో దాచుకోమని తను చెప్పిన పుస్తకం ఇదేనని అప్పుడు తెలిసింది అతనికి. ఏసుపాదానికి మాత్రం ఇంకో సంగతి తెలిసింది. "ఆవిడ చదువుకునేది ఇదాండి?" అన్నాడు నెమ్మదిగా. "పక్కనే కూర్చుని ఏంటని అడగలేదండి నేను."

జయశీలం అయ్యగారు దుర్మార్గుడేమీ కాదు. చదువుకున్నవాడు, నిజం చెప్పాలనే పట్టుదల ఉన్నవాడు. అదే ఆయన చిక్కు. జనానికి తేటగా చెప్పారు. ఈ పుస్తకం యూదుల పట్టీలో లేదు, మన పెద్దలు దీన్ని వాక్యంగా ఒప్పుకోలేదు, చదువుకోవడానికి మంచిదే గాని దీన్ని ఆధారం చేసుకుని విశ్వాసం నిలబెట్టకూడదు అన్నారు. మన సంఘానికి మూలపురుషుడైన జర్మనీ గురువు ఇలాంటి పుస్తకాలను పారెయ్యకుండా, రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడని కూడా ఒప్పుకున్నారు. సరిగ్గా అక్కడే దస్తగిరి నన్ను కుట్టాడని ఆయనకు తట్టి, ఒక క్షణం మాట తడబడింది. "అయినా ప్రసంగపీఠం మీది బైబుల్లో ఉండకూడదు. ఇది వాక్యం అనుకుని రేపు ఇంకొకరు మోసపోతారు," అన్నారు.

"నేను మోసపోయానాండి?" అన్నాడు ఏసుపాదం.

"అలా అనలేదు. నీలాంటివాళ్ళు మన బైబుల్లోనూ ఉన్నారయ్యా. ప్రభువు శరీరాన్ని సిలువ మీంచి దించి సమాధి చేసినాయన లేడూ?"

"ఆయన ప్రభువుని పాతిపెట్టాడండి. నారబట్ట చుట్టాడు, అత్తరు పూశాడు. నేను పాతిపెట్టింది ఎవరో ఏంటో తెలియనోళ్ళని. తాడు కట్టి లాగి." అతను ఎర్రబడ్డ తన చేతులు చూసుకున్నాడు. "నాకొక్కటి చెప్పండి అయ్యగారూ. ఆ కొత్త సంవత్సరం రోజున మెట్టు మీంచి నన్ను లోపలికి పిలిచింది దేవుడేనా, కాదా?"

అయ్యగారు నా వంక చూశారు. ఏసుపాదం వంక చూశారు. అవునంటే నేను వాక్యమైపోతాను. కాదంటే ఆ మనిషి ఏమైపోతాడో. పరంజ్యోతి ఉండబట్టలేక "అవునని చెప్పండి అయ్యగారూ," అన్నాడు మెల్లగా. "ఆలోచించి చెబుతాను," అన్నారు అయ్యగారు చివరికి.

జేబులోంచి చిన్న కత్తి తీసి నా దారం కోశారు. పక్క ఫారాలకు గాటు పడకుండా జాగ్రత్తగా కోశారు. నన్ను ఏసుపాదం చేతిలో పెట్టబోతే అతను తీసుకోలేదు.

"నాకు చదువు రాదుగా. మీ దగ్గరే ఉంచండి. తేలిన్నాడు చెప్పండి."

"మరి నువ్వు మళ్ళీ మెట్టు మీదికేనా?" అని అడిగింది దీవెనమ్మ.

"లేదక్కా. విన్నాక మళ్ళీ బయటికెట్టా పోను? లోపలే కూర్చుంటా. రొట్టె మటుకు అయ్యగారు చెప్పిందాకా తీసుకోను."

ఆ రోజు అందరి చేతుల్లోనూ రొట్టె పడింది. ఏసుపాదం వరసలోకి రాలేదు. ఇసుకతో రుద్దుకున్న ఆ చేతులు కట్టుకుని చాప మీదే కూర్చున్నాడు. అయ్యగారికి ఆ తర్వాత ప్రార్థనలో రెండు మాటలు తప్పిపోయాయి.

అప్పటి నుంచి నేను జయశీలం అయ్యగారి సొరుగులో ఉన్నాను. నిజానికి సొరుగులో ఉన్నదానికంటే బల్ల మీదే ఎక్కువ ఉన్నాను. పాపం, ఆయన నన్ను చదివినట్టు నన్ను ఒప్పుకున్నవాళ్ళు కూడా చదవలేదు. అంచుల్లో పెన్సిలుతో రాశారు, కొట్టేశారు, రబ్బరుతో చెరిపి మళ్ళీ రాశారు. కథ మిగతా సగం తెలుసుకోవాలని సైకిలేసుకుని ఆర్.సీ.ఎం. ఫాదరు ఇన్నాసిగారి బంగళాకు వెళ్ళారు. కళ్ళు పోయిన ఆ ముసలాయనకు చివర చూపు వస్తుందని అక్కడ చదివారు. తర్వాత ఇద్దరూ టీ తాగుతూ పోట్లాడుకున్నారు.

"యూదుల దగ్గరే లేదు, మీకెక్కడిదయ్యా?" అనేవారు అయ్యగారు.

"తొలి క్రైస్తవులు చదివారు, మీ వాళ్ళకే పనికిరాలేదా?" అనేవారు ఫాదరు.

"ఏది వాక్యమో సంఘం తేలుస్తుందా, వాక్యమే సంఘాన్ని తేలుస్తుందా?"

"ముందు ఆ బిస్కెట్టు తినండి, అది మెత్తబడిపోతోంది."

ఆ వాదన ఎన్నిసార్లు జరిగిందో నాకే లెక్క తెలియదు. ఎవరూ నెగ్గలేదు, స్నేహం మాత్రం బాగా కుదిరింది. అయ్యగారు రేవుగూడెం వెళ్ళిన ప్రతి నెలా ఏసుపాదం రొట్టె వరసలోకి రాకుండా ఆయన మొహంలోకి చూసేవాడు. అయ్యగారు ఇంకా లేదన్నట్టు తల ఊపేవారు. రెండేళ్ళకు ఆయనకు మెట్ట ప్రాంతానికి బదిలీ అయింది. నేనూ వెళ్ళాను. ఆయన రిటైరై బందరు వచ్చేశారు. నేనూ వచ్చాను. ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఇప్పుడు నేను రేవుగూడెంలోనే, ఏసుపాదాన్ని చూసుకోవడానికి వచ్చి ఉండిపోయిన అతని మేనకోడలి అలమరలో, రేషను కార్డు పక్కన ఒక పాలిథిన్ కవరులో ఉన్నాను. నాలో ఏముందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల గట్టిగా చదువుతుంది, తక్కినవాళ్ళు వింటారు. ఇక్కడికి ఎలా చేరానో చెబుతాను, అంతటితో నా కథ అయిపోతుంది.

ఏసుపాదం మంచాన పడ్డాడని పరంజ్యోతి కార్డు రాశాడు. ఆ మర్నాడే అయ్యగారు, జబ్బు మనుషులకు రొట్టె ఇచ్చే చిన్న చెక్కపెట్టె ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని పొద్దున బస్సెక్కారు. దారంతా పెదవులు కదుపుతూనే ఉన్నారు, పరీక్షకు వెళ్ళే పిల్లాడికి మల్లే. వెళ్ళేసరికి ఏసుపాదం వసారాలో మంచం మీద ఎండకు పడుకుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. అయ్యగారిని చూసి లేవబోయాడు. వద్దని ఆయన మంచం పట్టె మీదే కూర్చుని, నన్ను దుప్పటి మీద పెట్టారు.

"ఏసుపాదం, ఆలస్యం చేశాను. క్షమించు. నువ్వు అడిగినదానికి జవాబు తెచ్చాను."

"చెప్పండి."

"ఆ రోజు నిన్ను పిలిచింది ఆయనే. ఎన్ని రకాలుగా చూసినా నాకు ఇంకోలా కనిపించలేదు. నువ్వు పాతిపెట్టినవాళ్ళందరూ ఆయన మనుషులే. నీ చేతులకు ఏ మచ్చా లేదు." అని ఆగి, నా మీద చెయ్యి వేసి నిట్టూర్చారు. "కానీ ఈ పుస్తకం వాక్యమా కాదా అన్నది... నిజం చెప్పాలిగా నీకు. ఎనిమిదేళ్ళు చదివాను. ఇన్నాసి ఫాదరుతో వాదించాను. నాకింకా తేలలేదయ్యా."

ఏసుపాదం ఆయన వంక వింతగా చూశాడు.

"పుస్తకం సంగతి నేనడగలేదు గదండి," అన్నాడు.

ఎనిమిదేళ్ళు నా మీద వంగిన అయ్యగారి మెడ మొదటిసారి వదులైనట్టు అనిపించింది నాకు. ఏసుపాదం మేనకోడల్ని కేకేసి చెంబుతో నీళ్ళు తెమ్మన్నాడు. మంచం మీంచే వంగి చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే రెండూ అయ్యగారి ముందుకు చాచాడు.